రెండో వయొలిన్ వచ్చిందని బాధపడకండి

పిల్లలూ,

సమ్మర్ మ్యూజిక్ ప్రోగ్రాంలో సీటు వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచీ మీరు అడుగుతున్నవి రెండే ప్రశ్నలు. రోజుకు ఎన్ని గంటలు సాధన చేయాలి? మొదటి వరసలో కూర్చోబెడతారా, లేదా? మొదటిదానికి జవాబు తేలిక. రెండోదాని గురించే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

చాలాచోట్ల వెళ్లిన ఒకటి రెండు రోజులకే, ఆర్కెస్ట్రాలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో తేల్చే సీటింగ్ ఆడిషన్ ఉంటుంది. మర్నాడు లిస్టు పెడతారు. వయొలిన్లు రెండు జట్లుగా కూర్చుంటాయి, ప్రధాన రాగం ఎక్కువగా మొదటి జట్టుకే వస్తుంది. మీ పేరు రెండో వయొలిన్లలో, అదీ చివరి స్టాండు (ఇద్దరు కలిసి చూసుకునే స్వరాల కాగితాలు పెట్టే స్టాండు) దగ్గర ఉండొచ్చు. ఇంటి దగ్గర ఎప్పుడూ ముందు కూర్చున్నవాళ్లకు ఇది మింగుడుపడదు. కానీ అక్కడికి వచ్చిన ప్రతివాళ్లూ వాళ్ల వాళ్ల చోట ముందు కూర్చున్నవాళ్లే. పైగా కొన్ని ప్రోగ్రాముల్లో కచేరీ కచేరీకీ సీట్లు మారుస్తారు, కాబట్టి ఆ లిస్టు చూసి రాత్రంతా టెన్షన్ పడక్కర్లేదు.

సాధన సంగతి చెప్పేస్తాను. న్యూయార్క్ రాష్ట్రంలో వయొలిన్ గురువు ఇవాన్ గలామియన్ 1944లో మొదలుపెట్టిన మెడోమౌంట్ వేసవి సంగీత పాఠశాల లాంటి చోట్ల రోజూ గంటల తరబడి గదిలో ఒంటరిగా సాధన చేయడమే ప్రధానం. వయొలిన్ విద్వాంసుడు ఇట్జాక్ పెర్ల్‌మన్, చెల్లో విద్వాంసుడు యో-యో మా చిన్నతనంలో అక్కడికి వెళ్లినవాళ్లే. మీకూ ఉదయంపూట సాధన వేళలు ఉంటాయి. అయితే ఇంటి దగ్గర గంటన్నర వాయించే చెయ్యి ఒక్కసారిగా ఐదారు గంటలు వాయిస్తే ఓర్చుకోలేదు. రిహార్సళ్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయని మర్చిపోకండి. వెళ్లడానికి ముందు నుంచే సమయం కొంచెం కొంచెంగా పెంచుకోండి. గంటకోసారి పది నిమిషాలు వాయిద్యం కింద పెట్టండి. మణికట్టులోనో భుజంలోనో నొప్పి మొదలైతే ఆ రోజే టీచర్‌కు చెప్పండి. ఓర్చుకుని వాయించడం గొప్ప కాదు, ప్రమాదం.

ఇక అసలు విషయం. మీ వేసవిలో అన్నిటికన్నా విలువైన గంటలు క్వార్టెట్ రిహార్సల్లో గడుస్తాయి. నలుగురు, నాలుగు కుర్చీలు: రెండు వయొలిన్లు, వయొలిన్ కన్నా కొంచెం పెద్దదైన వయోలా, కింది స్వరాలు పలికే చెల్లో. కండక్టర్ ఉండరు. మొదటి రోజు ఏం జరుగుతుందో చెప్తాను. స్వరకర్త హైడెన్ రాసిన క్వార్టెట్ ఏదో ఇస్తారు. నలుగురూ తమ తమ భాగం తప్పులేకుండా నేర్చుకుని వస్తారు. మొదలుపెట్టిన కాసేపటికే ఎవరి దారిన వాళ్లు పోతారు. అప్పుడు కోచ్ అడుగుతారు, "ఇక్కడ ప్రధాన రాగం ఎవరి దగ్గరుంది?" అని. నలుగురూ ఎవరి కాగితం వాళ్లు చూసుకుంటారు. ఆ కాగితంలో జవాబు ఉండదు. పక్కవాళ్లను విని ఉంటేనే తెలుస్తుంది.

తర్వాత కోచ్ మొదటి వయొలిన్‌ను ఆపేసి, రెండో వయొలిన్, వయోలా మాత్రమే వాయించమంటారు. అప్పటిదాకా ఏదో లోపల గొణుగుతున్నట్టున్న ఆ రెండు భాగాలు ఒక్కసారిగా బయటపడతాయి. లయను నడిపిస్తున్నది వాళ్లే. కలిసి మోగే స్వరాలు సంతోషంగా ఉన్నాయో దిగులుగా ఉన్నాయో చెప్పే స్వరం కూడా చాలాసార్లు వాళ్ల చేతిలోనే ఉంటుంది. ఆ స్వరం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మేజర్ కార్డ్‌లో (సంతోషంగా వినిపించే మూడు స్వరాల కలయికలో) మూలస్వరం నుంచి లెక్కపెడితే మూడోదైన స్వరం మీకు వచ్చిందనుకోండి. పియానో మీద ఆ స్వరం ఎక్కడుంటుందో సరిగ్గా అక్కడే వాయిస్తే, కింద చెల్లో పట్టుకున్న మూలస్వరంతో అది పూర్తిగా కలవదు. అరస్వరాన్ని 100 భాగాలు చేస్తే అందులో దాదాపు 14 భాగాలు కిందికి దించాలి. వేలిని వెంట్రుకవాసి వెనక్కి వాలిస్తే చాలు, నాలుగు వాయిద్యాలూ ఒక్కటై మోగుతాయి. అదే స్వరం ఇంకో కార్డ్‌లో వస్తే వేలు మళ్లీ వేరే చోటికి జరగాలి. ఇంటి దగ్గర ట్యూనర్ యాప్ ముందు ఎన్నేళ్లు కూర్చున్నా ఇది రాదు.

నేను చాలా ఏళ్లు వయోలా వాయించినదాన్ని, అందుకే దీని మీద ఇంత పట్టుదల. స్వరకర్త మోట్సార్ట్ వయొలిన్ కూడా బాగా వాయించేవాడు. అయినా 1784లో వియన్నాలో హైడెన్‌తో కలిసి క్వార్టెట్ వాయించినప్పుడు వయోలా తీసుకున్నాడు. హైడెన్ది మొదటి వయొలిన్. మధ్యలో కూర్చున్నవాళ్లకు నాలుగు వైపులా వినిపిస్తుంది.

ఆర్కెస్ట్రాలో పాటించేవి త్వరగానే అలవాటవుతాయి. ఓబో 'ఎ' స్వరం ఇవ్వగానే మాటలు ఆపి శ్రుతి చేసుకోవాలి. స్టాండు దగ్గర ప్రేక్షకులకు దూరంగా లోపలివైపు కూర్చున్నవాళ్లు పేజీ తిప్పాలి. కమాను పైకా కిందికా అన్నది సెక్షన్ లీడర్ చెప్పినట్టే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి. పెన్ను వాడకండి, ఆ కాగితాలు మీ తర్వాతివాళ్లకు వెళ్తాయి.

పక్కవాళ్ల కోసం సిద్ధంగా ఉండటం అంటే ఏమిటో ఒక కచేరీ చెప్తుంది. 1986లో అమెరికాలోని టాంగిల్‌వుడ్ సంగీతోత్సవంలో 14 ఏళ్ల వయొలిన్ కళాకారిణి మిడోరి, లెనార్డ్ బెర్న్‌స్టయిన్ రాసిన 'సెరెనేడ్'ను ఆయన కండక్ట్ చేస్తుండగానే వాయిస్తోంది. చివరి భాగంలో ఇ తీగ తెగింది. మొదటి వయొలిన్ల నాయకుడైన కాన్సర్ట్‌మాస్టర్ తన వయొలిన్ అందించాడు. దాని తీగా తెగింది. పక్క కుర్చీలోని వయొలిన్ ఆమె చేతికొచ్చింది, దాంతో పూర్తిచేసింది. ఆ అమ్మాయి ధైర్యం గురించి అందరూ చెప్పుకుంటారు, నిజమే. నాకు మాత్రం ఆ వయొలిన్లు ఇచ్చినవాళ్లు కూడా అంతే గుర్తుంటారు.

ఇట్జాక్ పెర్ల్‌మన్ భార్య టోబీ పెర్ల్‌మన్ స్థాపించిన ప్రోగ్రాంలో వయొలిన్, చెల్లో పిల్లలందరూ కోరస్‌లో పాడతారు. మీ దగ్గరా కోరస్ ఉంటే గొంతు బాగోదని తప్పించుకోకండి. పాడినవాళ్లకు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలుస్తుంది, క్వార్టెట్లో మొదటి స్వరానికి ముందు సైగ ఇచ్చేది ఆ ఊపిరే.

మూడో రోజో నాలుగో రోజో ఇల్లు గుర్తొచ్చి ఏడుపొస్తుంది. చాలామందికి వస్తుంది. రూమ్మేట్‌కు చెప్పండి, వాళ్లకూ వచ్చే ఉంటుంది.

వాయిద్యాన్ని ఎండలో నిలిపిన కారులో వదలకండి. వయొలిన్ చెక్కలను అతికించే సరేసు వేడికి మెత్తబడి అతుకులు విడిపోతాయి. గాలిలో తేమ మారితే తీగలు చుట్టే బిరడాలు బిగుసుకోవచ్చు, జారిపోనూ వచ్చు, రోజూ ఒకసారి చూసుకోండి. అదనపు తీగల సెట్ పెట్టెలో వేసుకోండి.

మీకు ఏ క్వార్టెట్ ఇచ్చారో, అందులో ఏ భాగం వచ్చిందో తెలియగానే నాకు రాయండి. మీ కాగితం ఒక్కటే కాదు, నాలుగు భాగాలూ ఉన్న స్కోర్ ముందుగానే తెప్పించుకుని చూడండి. నేనూ ఇక్కడ అదే స్కోర్ తీసి పెట్టుకుంటాను, ఏ బార్ దగ్గర ఆగిపోయారో నంబరు రాస్తే దాని గురించి మాట్లాడుకుందాం.

ప్రేమతో,
మీ పెద్దమ్మ