డ్రైవింగ్ సిమ్యులేటర్లు: అపోహలు - వాస్తవాలు (తయారుచేసే చోటు నుంచి)

నేను బెంగళూరు పీణ్యలో డ్రైవింగ్ ట్రైనింగ్ సిమ్యులేటర్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పనిచేస్తాను. పెడల్స్, స్టీరింగ్, సీటు కింద కదిలే ప్లాట్‌ఫామ్, వీటన్నిటినీ స్క్రీన్ మీద బొమ్మతో కలపడం నా పని. హిందూపురం, అనంతపురం వైపు నుంచి ఇక్కడికొచ్చి ఉద్యోగాల్లో చేరిన మనవాళ్లు కారు నేర్చుకుందామనుకున్నప్పుడు ఫోన్ చేసి "అన్నా, ఫలానా స్కూల్లో సిమ్యులేటర్ ఉందంట, డబ్బులు కట్టొచ్చా" అని అడుగుతుంటారు. కొందరు అదేదో పిల్లల ఆట అనుకుంటారు, ఇంకొందరు దానిమీద కూర్చుంటే చాలు, డ్రైవింగ్ వచ్చేస్తుంది అనుకుంటారు. రెండూ కరెక్ట్ కాదు. ఫోన్లో పది నిమిషాల్లో చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నా.

అపోహ: ఇది పెద్ద సైజు వీడియో గేమ్

గేమ్ తప్పుల్ని చూసీచూడనట్టు వదిలేస్తుంది, ట్రైనింగ్ మెషిన్ వదలకూడదు. క్లచ్ సంగతే తీసుకోండి. మన దగ్గర చాలామంది ఇప్పటికీ గేరు బండి మీదే నేర్చుకుంటారు, మొదటి వారం కష్టమంతా ఎడమ కాలిదే. క్లచ్ మెల్లగా వదులుతుంటే ఒకచోట ఇంజిన్ చక్రాల్ని లాగడం మొదలవుతుంది కదా, సరిగ్గా అక్కడ ఇంజిన్ ఎంత తిరుగుతోంది, కాలు ఎంత స్పీడుగా పైకొస్తోంది, బండి ఎత్తు మీద ఉందా చదును మీద ఉందా, ఇవన్నీ లెక్కేసుకుని ఇంజిన్ ఆపేయాలా, కుదుపుతో కదలనివ్వాలా అనేది సాఫ్ట్‌వేర్ అప్పటికప్పుడు తేల్చాలి. హెబ్బాళ్ ఫ్లైఓవర్ ఎక్కుతూ మధ్యలో ఆగి మళ్లీ కదిలేటప్పుడు బండి ఎలా వెనక్కి జారుతుందో సిమ్యులేటర్లో కూడా అలాగే జారాలి. స్కూల్లో డెమో ఇస్తే ఫస్ట్ గేరులో క్లచ్ ఒక్కసారిగా వదిలి చూడండి. ఇంజిన్ ఆగకుండా సాఫీగా కదిలిపోయిందంటే అది నిజంగా గేమే.

బ్రేక్ కూడా అంతే. చవక సెట్లలో పెడల్ ఎంత దూరం కిందికెళ్లిందో కొలుస్తారు. నిజం కారులో పెడల్ కొంచెం దిగాక ఇంక పెద్దగా కదలదు, ఎంత బలంగా తొక్కుతున్నాం అన్నదే లెక్క. అందుకే మేం పెడల్ దగ్గర లోడ్ సెల్ పెడతాం, అది బలాన్ని కొలుస్తుంది. దీనికి ఖర్చు ఎక్కువే, కానీ కాలికి తప్పు అలవాటు చేసి పంపడం కంటే నయం.

అపోహ: బొమ్మ ఎంత రియల్‌గా ఉంటే అంత మంచి సిమ్యులేటర్

కొనేవాళ్లు ముందు చూసేది ఇదే, చెట్ల ఆకులు కదులుతున్నాయా, వాన పడితే రోడ్డు మెరుస్తోందా అని. నేనైతే ముందు ఆలస్యం ఎంతో అడుగుతాను. మీరు స్టీరింగ్ తిప్పిన క్షణం నుంచి స్క్రీన్ మీద రోడ్డు తిరిగే క్షణం దాకా ఎంత టైమ్ పడుతోంది? సెన్సర్ చదవాలి, బండి లెక్క జరగాలి, బొమ్మ గీయాలి, స్క్రీన్ చూపించాలి, ప్రతిచోటా కొన్ని మిల్లీసెకన్లు పోతాయి. గంటకి 60 కిలోమీటర్ల స్పీడులో కారు సెకనుకి దాదాపు 16.7 మీటర్లు పోతుంది, అంటే 100 మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటే మీరు చూస్తున్నది ఒకటిన్నర మీటర్ల పైన వెనకబడిన రోడ్డు. అప్పుడేమవుతుందంటే, తిప్పినా తిరగలేదని ఇంకాస్త తిప్పుతారు, అంతలో మొదటిది వచ్చి పడుతుంది, మళ్లీ వెనక్కి తిప్పుతారు, బండి పాములా పోతుంది, పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్ "స్టీరింగ్ కంట్రోల్ లేదమ్మా నీకు" అంటాడు. పాపం ఆ అమ్మాయి తప్పేం లేదు. అందుకే గ్రాఫిక్స్ కొంచెం తగ్గించైనా సరే సెకనుకి 60 ఫ్రేములు నిలకడగా వచ్చేట్టు చూస్తాం, స్టీరింగ్ చేతికిచ్చే బరువు లెక్క మాత్రం సెకనుకి 1000 సార్లు నడుస్తుంది.

అపోహ: సీటు కదిలితేనే అసలైన సిమ్యులేటర్

ఆరు కాళ్ల మీద నిలబడే ప్లాట్‌ఫామ్ ఫొటోలు మీరు చూసుంటారు, దాన్ని స్టీవర్ట్ ప్లాట్‌ఫామ్ అంటారు, 1965లో స్టీవర్ట్ రాసిన పేపర్‌తో ఆ పేరు స్థిరపడింది, అంతకు ముందే ఎరిక్ గఫ్ అనే ఇంజినీరు టైర్లు టెస్ట్ చేయడానికి ఇలాంటిదే కట్టాడు. ముందుకీ వెనక్కీ, అటూ ఇటూ, పైకీ కిందికీ కదులుతుంది, మూడు రకాలుగా వంగి తిరుగుతుంది. కానీ ఆ కాళ్లు సాగేది కొంచెమే, రోడ్డేమో కిలోమీటర్లు. మరి బ్రేక్ వేసినప్పుడు ముందుకి తూలిన ఫీలింగ్ ఎలా ఇస్తారు?

ఇక్కడ భూమ్యాకర్షణని వాడుకుంటాం. సీటుని మెల్లగా ముందుకి వంచితే మన బరువులో కొంత ముందుకి లాగుతుంది, కళ్లముందు స్క్రీన్‌లో మాత్రం రోడ్డు నేరుగానే ఉంటుంది కాబట్టి బండి స్లో అవుతోందని లోపలి చెవి నమ్మేస్తుంది. ఒకటే షరతు, వంచుతున్నట్టు మనిషికి తెలియకూడదు, అంటే సెకనుకి సుమారు 3 డిగ్రీలు దాటకూడదు. ఇప్పుడు లెక్క చూడండి. ఓ మాదిరి గట్టి బ్రేక్, భూమ్యాకర్షణలో 0.3 వంతు అనుకుందాం, దానికి సీటు 17 డిగ్రీలకి పైగా వంగాలి. సెకనుకి 3 చొప్పున దాదాపు 6 సెకన్లు. 50 కిలోమీటర్ల స్పీడులో ఉన్న కారు అదే బ్రేక్‌తో 5 సెకన్లలోపే ఆగిపోతుంది! ప్లాట్‌ఫామ్ పూర్తిగా వంగేలోపే కథ అయిపోయింది. కాబట్టి ప్రతి మోషన్ సిమ్యులేటర్ నిజం కదలికలో కొంత భాగమే ఇస్తుంది, ఇచ్చి మనకి తెలియకుండా మెల్లగా మధ్యకి తిరిగొచ్చేస్తుంది. దీన్ని సర్దడమే మా పనిలో చాలా కష్టమైన భాగం. అమెరికాలో అయోవా యూనివర్సిటీ వాళ్లది ఇంకో దారి, సిమ్యులేటర్ గదినంతా అటూ ఇటూ సుమారు 20 మీటర్లు పరిగెత్తించే మెషిన్ కట్టారు. డ్రైవింగ్ స్కూలుకి అది ఎలాగూ కుదరదు.

నా అభిప్రాయం అడిగితే, సరిగ్గా సర్దని మోషన్ కంటే అసలు కదలని సీటే మేలు. సీటు కింద ఒక చిన్న వైబ్రేషన్ మోటారు, మూడు పెద్ద స్క్రీన్లు, మంచి పెడల్స్ ఉంటే కొత్తగా నేర్చుకునేవాళ్లకి చాలు.

అపోహ: తల తిరిగిందంటే నాకు డ్రైవింగ్ రాదన్నమాట

కాదు. కళ్లు కదులుతున్నామంటాయి, చెవి కదల్లేదంటుంది, ఆ గొడవకి కడుపులో తిప్పుతుంది, అంతే. ఏళ్ల తరబడి బండి నడిపినవాళ్లకి కొన్నిసార్లు కొత్తవాళ్లకంటే ఎక్కువే వస్తుంది, ఎందుకంటే వాళ్ల ఒంటికి ఏది ఎప్పుడు తగలాలో ముందే తెలుసు, అది తగలకపోతే ఒప్పుకోదు. మొదటిసారి పది నిమిషాలు చాలు, ముందు నేరు రోడ్లు, జంక్షన్ మలుపులు తర్వాత, గదిలో ఫ్యాను, ఖాళీ కడుపూ వద్దు ఫుల్ భోజనమూ వద్దు. వికారంగా ఉంటే వెంటనే చెప్పండి, మొహమాటపడొద్దు, అది తగ్గాకే బైక్ తీయండి.

అపోహ: బయటి సాఫ్ట్‌వేర్‌లో మన రోడ్ల బొమ్మలు పెడితే సరిపోతుంది

నాకు బాగా బాధ కలిగించేది ఇదే. ఆటో పెట్టారు, కన్నడ బోర్డులు పెట్టారు, కానీ ఆ ఆటో లేన్ మధ్యలో బుద్ధిగా పోతుంటుంది. బెంగళూరు సిల్క్ బోర్డ్ జంక్షన్ రద్దీలో ఎవరైనా అలా పోతారా? బయటి ట్రాఫిక్ మోడల్స్ చాలావాటిలో బండి ఒక లేన్‌కి కట్టుబడి ఉంటుంది, ముందు బండికి దూరం పాటిస్తుంది. మన దగ్గర బైకు రెండు బస్సుల మధ్య సందులోంచి వస్తుంది, ఎడమ నుంచి ఓవర్‌టేక్ చేస్తుంది. ఎడమ అద్దం చూడ్డం నేర్పాలంటే అక్కడ నిజంగా ఏదో ఒకటి వస్తుండాలి. అందుకని ఖాళీ ఎంతుందో చూసుకుని పక్కకి జరిగే బైకుల్ని విడిగా రాసుకోవాల్సి వచ్చింది.

ఇంకోటి, ఆగిన బస్సు వెనకనుంచి పిల్లాడు రోడ్డు మీదికొచ్చే సీను. 30 మీటర్ల దూరంలో వచ్చేట్టు పెడితే, 30 స్పీడులో వచ్చేవాడికి మూడున్నర సెకన్లు దొరుకుతాయి, 60లో వచ్చేవాడికి 2 సెకన్లు కూడా ఉండవు. ఇద్దరికీ ఒకే పరీక్ష పెట్టినట్టు కాదు. అందుకే కొన్ని సీన్లు దూరంతో కాకుండా టైముతో పెడతాం, స్పీడు ఎంతైనా రెండున్నర సెకన్ల ముందే పిల్లాడు కనిపిస్తాడు, అప్పుడు కాలు ఎంత త్వరగా బ్రేక్ మీదికెళ్లిందో తేలుతుంది. కొన్ని మాత్రం కావాలనే దూరంతో ఉంచుతాం, స్పీడుగా వచ్చినవాడికి టైము ఎందుకు మిగల్లేదో వాడికే తెలియాలి కదా. నిజం రోడ్డు మీద ఈ పాఠం ఎవరూ చెప్పలేరు, సిమ్యులేటర్‌కి పెట్టే ప్రతి రూపాయీ దీనికోసమే అని నా నమ్మకం.

అపోహ: సిమ్యులేటర్ ఉన్న స్కూల్లో చేరితే ఆర్టీవో టెస్టు ఉండదు

2021 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన ట్రైనింగ్ సెంటర్లో కోర్సు పాసైతేనే ఆ మినహాయింపు. కార్లకి ఆ కోర్సు 29 గంటలు, థియరీ 8, ప్రాక్టికల్ 21, అక్కడ సిమ్యులేటర్‌తో పాటు టెస్ట్ ట్రాక్ కూడా ఉండాలి. సందు చివర స్కూల్లో ఒక సిమ్యులేటర్ పెట్టుకున్నంత మాత్రాన ఇది వర్తించదు, గుర్తింపు పత్రం అడిగి చూడండి.

అపోహ: సిమ్యులేటర్ మీద వచ్చేస్తే రోడ్డు మీదా వచ్చేసినట్టే

రెండు చోట్ల ఇది మోసం చేస్తుంది. ఒకటి స్పీడు. చిన్న స్క్రీన్ మీద పక్కనుంచి చెట్లూ గోడలూ వెనక్కి పోవడం కనపడదు కాబట్టి 60లో పోతున్నా 40 లాగే అనిపిస్తుంది, మీటరు చూడ్డం అలవాటు చేసుకోండి. రెండోది పార్కింగ్. నిజం కారులో తల కొంచెం పక్కకి జరిపితే దగ్గరున్న స్తంభం, దూరంగా ఉన్న గోడ వేర్వేరుగా జరుగుతాయి, దాంతోనే ఎంత ఖాళీ ఉందో మనకి తెలుస్తుంది. మామూలు స్క్రీన్ మీద తల ఎంత జరిపినా బొమ్మ అదే. తలని ట్రాక్ చేసే హెడ్‌సెట్లలో ఇది కొంత నయం, కానీ స్కూళ్లలో ఎక్కువగా ఉండేవి స్క్రీన్లే. కాబట్టి రివర్స్ పార్కింగ్, ఇరుకు సందుల్లో ఎదురు బండికి దారివ్వడం లాంటివి నిజం కారుతోనే నేర్చుకోండి, ఆదివారం పొద్దున్నే ఖాళీ గ్రౌండ్ చూసుకుని, ఎల్ బోర్డు తగిలించుకుని, పక్కన లైసెన్స్ ఉన్న ఇన్‌స్ట్రక్టర్‌ని కూర్చోబెట్టుకుని.