గోకుడుతో పోని దురద

హైస్కూల్లో చదివే కొడుకు గురించి ఒక తల్లి అడిగారు: "పుస్తకం తెరుస్తాడు, రెండు నిమిషాల్లో మూసేస్తాడు, రేపు చేస్తానంటాడు. బద్ధకమా, జబ్బా?" నా దృష్టంతా ఆ రెండు నిమిషాల మీదే ఉంది.

మొదటి లెక్క చదివాడు. అంతుపట్టలేదు. గుండెల్లో చిన్న గుబులు. పుస్తకం మూసి ఫోను అందుకున్నాడు. హమ్మయ్య! చిక్కంతా ఈ హమ్మయ్యలోనే ఉంది. ఏం చేస్తే బాధ తప్పిందో, మెదడు మళ్ళీ అదే చేయిస్తుంది. దీని పేరు రుణాత్మక పునర్బలనం. పాఠం చెప్పేవాళ్ళు కూడా దీన్ని శిక్ష అనుకుంటుంటారు. ఇక్కడ శిక్ష లేదు. బాధ తొలగడమే బహుమతి.

దురదనే తీసుకోండి. గోకితే ఎంత హాయి! గోకగా గోకగా చర్మం మందమవుతుంది, దురద ఇంకా పెరుగుతుంది. వాయిదా కూడా అంతే. నిన్న ఒక్క లెక్క, ఇవాళ అధ్యాయమంతా, పైగా నిన్న చేయలేదన్న సిగ్గు. కొన్నాళ్ళకు పుస్తకం తెరవక్కర్లేదు, సంచీ కంటపడితే చాలు గుబులు మొదలవుతుంది. దురద రాత్రిళ్ళు ఎక్కువవుతుంది. ఈ గుబులూ దీపం ఆర్పాకే మీద పడుతుంది. నిద్ర చెడుతుంది. నిద్ర చాలని మెదడుకు మర్నాడు అదే లెక్క ఇంకా కష్టం. "గోకొద్దు" అని కసిరితే దురద పోతుందా? తిట్టిన కొద్దీ భయం పెరిగి, చేయి మళ్ళీ అక్కడికే వెళ్తుంది.

టైస్, బామైస్టర్ అనే మనస్తత్వవేత్తలు 1997లో కాలేజీ విద్యార్థుల మీద ప్రచురించిన అధ్యయనంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. టర్ము మొదట్లో వాయిదా వేసేవాళ్ళకే ఒత్తిడి తక్కువ, అనారోగ్యం తక్కువ. చివరికొచ్చేసరికి రెండూ తిరగబడ్డాయి, మార్కులూ తగ్గాయి. స్వీడన్‌లో 3,525 మంది యూనివర్సిటీ విద్యార్థులను గమనించి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, వాయిదా అలవాటు ఎక్కువున్నవాళ్ళలో తొమ్మిది నెలల తర్వాత కుంగుబాటు, ఆందోళన, నిద్ర సరిగా లేకపోవడం కాస్త ఎక్కువగా కనిపించాయి. కుంగుబాటు వల్ల కూడా పనులు వాయిదా పడతాయి. కాబట్టి దిగులు రెండు వారాలు దాటినా, ఇష్టమైన ఆటలు కూడా మానేసినా డాక్టరుకు చూపించాల్సిందే. చనిపోవాలన్న మాట నోట వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు.

నాకు బాగా నచ్చింది 2010లో మనస్తత్వవేత్త వోల్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధన. మొదటి పరీక్షకు చదవకుండా వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్న విద్యార్థులు రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. చెడు భావన తగ్గింది, అంటే దురదే తగ్గింది.

అమ్మా, ఇవాళ రాత్రి మీ అబ్బాయిని ఎన్ని లెక్కలు చేశావని అడక్కండి. ఏ లెక్క దగ్గర పుస్తకం మూశాడో అడిగి, ఆ ఒక్కదాన్నీ వాడితో కూర్చుని చదవండి.