నీడ తప్పించుకున్న గ్రహం

హంస నక్షత్రమండలం దిక్కున, మనకు సుమారు 245 కాంతి సంవత్సరాల దూరంలో, రెండు నక్షత్రాలు 41 రోజులకోసారి ఒకదాని చుట్టూ మరొకటి తిరుగుతుంటాయి. పెద్దదాని ద్రవ్యరాశి మన సూర్యుడిలో 69 శాతం, చిన్నదానిది అయిదో వంతు. ఆ జంటను బయటి నుంచి చుట్టి వస్తోంది శనిగ్రహమంత బరువున్న కెప్లర్-16బి అనే గ్రహం. అక్కడ ఏడాదికి 229 రోజులు. రోజుకు రెండు సూర్యోదయాలని మురిసిపోవచ్చు గానీ, కాలు మోపడానికి నేల ఉండదు. పైగా గడ్డకట్టించే చలి.

నిజానికి నన్ను ఆకట్టుకున్నది దాన్ని పట్టుకున్న తీరు. ఆ నక్షత్రాలు ఒకదానికొకటి అడ్డొచ్చినప్పుడల్లా వెలుగు తగ్గుతుంది. నాసా అంతరిక్షంలోకి పంపిన కెప్లర్ టెలిస్కోపు వీటితో పాటు ఇంకొన్ని చిన్న తగ్గుదలలనూ నమోదు చేసింది. ఒంటరి నక్షత్రం ముందు నుంచి గ్రహం వెళితే ఆ మసక దాదాపు సమాన విరామాలతో వస్తుంది. ఇక్కడ ఒక విరామం 230 రోజులైతే తరువాతిది 221. గ్రహం తిరిగి వచ్చేసరికి నక్షత్రమే పక్కకు జరిగి ఉంటోంది మరి! నక్షత్రాల పరస్పర గ్రహణాల వేళలూ గ్రహం ఆకర్షణ వల్ల కాస్త అటూ ఇటూ అవుతున్నాయి. దాని బరువు తేలింది ఆ కొద్దిపాటి తేడాల నుంచే. 2011 సెప్టెంబరులో ఈ ఆవిష్కరణను ప్రకటించారు.

జంట నక్షత్రాలకు మరీ దగ్గరగా వచ్చిన గ్రహాన్ని వాటి మారుతున్న ఆకర్షణ స్థిరంగా ఉండనివ్వదు. కెప్లర్-16బి ఆ ప్రమాదపు హద్దుకు కాస్త అవతలే తిరుగుతోంది. అంత అలజడి ఉన్న చోట ధూళి కూడి గ్రహంగా మారడం కష్టం. అందుకే ఇది దూరంగా పుట్టి, తరువాత లోపలికి జరిగిందని చాలామంది ఖగోళ శాస్త్రవేత్తల అభిప్రాయం.

దాని కక్ష్యాతలం, అంటే అది తిరిగే దారి ఉన్న తలం, కూడా నెమ్మదిగా ఊగుతుంటుంది. దాంతో లెక్కల ప్రకారం గ్రహం 2014లో చిన్న నక్షత్రానికీ, 2018లో పెద్దదానికీ మన వైపు నుంచి అడ్డు రావడం మానేసింది. నీడ పడనప్పుడు వెదకడమెలా? ఫ్రాన్స్‌లోని ఓత్-ప్రోవాన్స్ వేధశాలలో 193 సెంటీమీటర్ల టెలిస్కోపుతో ఆ నక్షత్రాల కదలికను ఏళ్ల తరబడి కొలిచారు. గ్రహం లాగుడుకు అవి కొద్దిగా ఊగిసలాడటం కనిపించింది. ఆ ఫలితం 2022లో వెలువడింది. సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ తొలి గ్రహాన్ని 1995లో పట్టిచ్చిందీ అదే టెలిస్కోపు.

గ్రహం మళ్లీ అడ్డొచ్చేది 2042 ప్రాంతంలో. కెప్లర్ మాత్రం ఇంధనం అయిపోయి 2018లోనే ఆగిపోయింది.