పట్టాలు కప్పే ఆ పది నిమిషాలు

ఏప్రిల్‌లో గుంటూరు నుంచి ప్రత్తిపాడు వైపు వెళ్తే ఎక్కడ చూసినా మిరప కళ్లాలే. ఎర్రగా ఆరబోసిన కాయలు, గట్టున మడిచిపెట్టిన పట్టాలు, అవి ఎగిరిపోకుండా రాళ్లు. సాయంత్రం పడమర దిక్కున మబ్బు లేచిందంటే చాలు, ఇంటిల్లిపాదీ కళ్లం మీదకి పరుగు, అప్పుడే స్కూలు నుంచి వచ్చిన పిల్లలతో సహా. కాయ తడిస్తే రంగు పోతుంది, బూజు పడుతుంది, మిర్చి యార్డులో ఆ టిక్కీలకి, అంటే బస్తాలకి, రేటు పలకదు. ఏడాది కష్టం మరి, ఎవరాగుతారు? కానీ పిడుగుకి మనం ఎదురెళ్లేది సరిగ్గా ఆ పది నిమిషాల్లోనే.

ఇంకా చినుకు పడలేదుగా అనుకుంటాం. వాన పడుతున్న చోటికి పది కిలోమీటర్ల అవతల కూడా పిడుగు పడగలదు.

ఇదెలా పుడుతుందో ఒకసారి చూడండి. మధ్యాహ్నానికి నేల సెగలు కక్కుతుంటుంది, బంగాళాఖాతం నుంచి తేమగాలి వస్తుంటుంది. ఆ గాలి వేడెక్కి పైకి లేస్తూ ఒక్కోసారి 12 కిలోమీటర్లు దాటిపోతుంది. పైన గడ్డకట్టే చలి. అక్కడ చిన్న మంచు పలుకులూ, వాటికంటే బరువైన మెత్తటి మంచు ఉండలూ ఒకదానికొకటి ఢీకొంటాయి. పలుకులు ధనావేశంతో పైకి పోతాయి, ఉండలు ఋణావేశంతో కింద ఉండిపోతాయి. మబ్బు అడుగున అలా పేరుకున్న ఆవేశం నుంచి ఒక పాయ మెట్లు మెట్లుగా నేలవైపు దిగుతుంది. అది దగ్గరపడేకొద్దీ కింద నుంచి కూడా, అంటే చెట్టు చిగురు నుంచో కరెంటు స్తంభం నుంచో నిలబడ్డ మనిషి తల నుంచో, సన్నటి పాయలు పైకి లేస్తాయి. ఏది ముందు కలిస్తే దారి అదే. సుమారు 30,000 ఆంపియర్ల కరెంటు ఆ దారిన పోతుంది, గాలి దాదాపు 30,000 డిగ్రీలకి వేడెక్కుతుంది, సూర్యుడి ఉపరితలం కంటే ఐదు రెట్లు. అంత వేడికి గాలి ఒక్కసారిగా విచ్చుకుంటే వచ్చే చప్పుడే ఉరుము.

ఇప్పుడు చదునుగా ఉన్న కళ్లం మీద పట్టా కొస పట్టుకుని నిలబడ్డ మనిషిని ఊహించుకోండి. ఆ చుట్టుపక్కల అందరికంటే, అన్నిటికంటే ఎత్తు అతనే.

పోనీ చెట్టు కిందకి వెళ్దామంటే అది ఇంకా ప్రమాదం. మా పెదనాన్న వాళ్ల కళ్లం పక్కన ఒక వేపచెట్టు ఉంది. దాని మీద పిడుగు పడిన మర్నాడు నేను వెళ్లి చూశాను. కొమ్మ మొదలు నుంచి వేరు దాకా రెండు వేళ్ల వెడల్పున బెరడు లేచిపోయి, లోపలి చెక్క తెల్లగా, తడిగా కనిపిస్తోంది. లోపలి పసరు ఒక్క క్షణంలో ఆవిరైపోయి బెరడుని పేల్చేసింది. కింద కట్టేసిన గేదె అక్కడే చచ్చిపోయింది, దాని ఒంటి మీద మాత్రం గాయమేమీ లేదు. పిడుగు నేలలోకి దిగాక కరెంటు చుట్టూ పాకుతుంది. గేదె ముందు కాళ్లకీ వెనక కాళ్లకీ మధ్య దూరం ఎక్కువ కాబట్టి ఆ రెండు చోట్లకీ వోల్టేజీ తేడా కూడా ఎక్కువ, కరెంటు ఒక కాలి నుంచి ఎక్కి గుండె మీదుగా ఇంకో కాలికి దిగిపోతుంది. కాస్త దూరంలో ఉన్న పెదనాన్నకి కాళ్లు జివ్వుమని లాగాయి, అంతటితో బతికిపోయాడు.

చిన్నప్పుడు మెరుపు మెరిస్తే మా నాయనమ్మ "అర్జునా, ఫల్గుణా" అంటూ అందర్నీ అరుగు మీద నుంచి లోపలికి తోసేది. ఆ లోపలికి తోయడమే అసలు రక్ష. మీరు ఆ పేర్లతో పాటు అంకెలు కూడా లెక్కపెట్టండి. మెరుపు వెంటనే కనిపిస్తుంది, శబ్దానికి మాత్రం కిలోమీటరుకి మూడు సెకన్లు పడుతుంది. ముప్పై లెక్కపెట్టేలోపు ఉరుము వినిపించిందంటే అది పది కిలోమీటర్ల లోపే ఉంది, పట్టా వదిలేసి రండి. చివరి ఉరుము తర్వాత కూడా అరగంట ఆగాలి.

రావాల్సింది పక్కా ఇంట్లోకి, లేకపోతే అద్దాలు ఎత్తిన కారులోకి. కారులో కాపాడేది రబ్బరు టైర్లు కాదు, చుట్టూ ఉన్న ఇనుప రేకు. అందుకే ట్రాక్టరు, ఆటో, బైకు పనికిరావు. కాపలా పాక కూడా అంతే. సెల్‌ఫోను పిడుగుని లాగుతుందనేది అపోహ. 108కి చేయాల్సింది కూడా దాంతోనే.

ఎవరి మీదైనా పిడుగు పడితే ముట్టుకోవడానికి భయపడకండి, వాళ్ల ఒంట్లో కరెంటు నిలవ ఉండదు. ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి వందకి పైగా నొక్కుతూ ఉండాలి, అంబులెన్సు వచ్చేదాకా. గుండె ఆగినవాళ్లు కూడా ఇలా బతికే అవకాశం ఉంది. 2022లో మన దేశంలో పిడుగులకి 2,887 మంది పోయారు. అందులో ఎంతమంది చుట్టూ జనం ఉండి కూడా ఎవరూ చేయి వేయక పోయారో అనిపిస్తుంది నాకు.

మరి పంట? పూణే వాతావరణ శాస్త్రవేత్తల 'దామిని' యాప్ మన చుట్టుపక్కల పడుతున్న పిడుగుల్ని చూపిస్తుంది, ప్రభుత్వం హెచ్చరికల మెసేజీలూ పంపుతోంది. పెదనాన్న ఇప్పుడు పొద్దున్నే ఫోను చూస్తాడు. పిడుగుల హెచ్చరిక ఉందంటే మధ్యాహ్నం రెండింటికే, ఎండ ఫెళ్లున కాస్తుండగానే, కాయ కుప్ప చేసి పట్టా కప్పేస్తాడు. ఒక పూట ఎండ పోతుంది, కాయ ఇంకో రోజు ఆరాలి. పోతే పోనీ అంటాడు.