రంగు పోయింది సరే, పని చేసిందెవరు?

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పిల్లల ప్రాజెక్టుల్లో ‘నానో’ అనే మాట తరచూ వినిపిస్తుంది. నానోమీటరంటే మిల్లీమీటరులో పదిలక్షో వంతు. వేపాకు మరిగించి వడగట్టిన కషాయంలో సిల్వర్ నైట్రేట్ కలిపితే నీళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి. అంటే వెండి నానో రేణువులు పుట్టాయన్నమాట. 4-నైట్రోఫినాల్, సోడియం బోరోహైడ్రైడ్ కలిపిన పసుపు ద్రావణంలో వాటిని కాస్త వేస్తే రంగు పోతుంది. వచ్చేది 4-అమినోఫినాల్, పారాసిటమాల్ తయారీకి వాడే సరుకు. రేణువులు వెయ్యకపోతే ఆ పసుపు గంటల తరబడి కదలదు. అంటే రేణువులు ఇక్కడ ఉత్ప్రేరకం, తాము ఖర్చవకుండా చర్యను నడిపించేవి.

చూడ్డానికి బాగుంటుంది. వెండి బదులు పల్లాడియం అనే లోహంతో, రెండు కర్బన ముక్కలను అతికించే సుజుకి చర్య దాకా వెళితే మాత్రం వైవాలో టెన్షన్ మొదలవుతుంది. పని చేసింది రేణువా, దాన్నుంచి కరిగి బయటికొచ్చిన లోహమా?

లోహపు పొడితో పని చేయించుకోవడం పాత విద్యే. ఫ్రాన్సులో సబాటియే 1897 నుంచి మెత్తటి నికెల్ మీద హైడ్రోజన్ చర్యలు నడిపించాడు. 1902లో జర్మనీలో నార్మన్ ఆ పద్ధతిని నూనెల మీదికి తెచ్చి పేటెంటు తీసుకున్నాడు. 1937లో మన వంటిళ్లలోకొచ్చిన డాల్డా దాని ఫలమే. చర్య జరిగేది లోహం ఉపరితలం మీదే కాబట్టి, పొడి ఎంత మెత్తగా ఉంటే అంత లాభమని అప్పటికే తెలుసు. ఒక సెంటీమీటరు ఘనానికి ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 10 నానోమీటర్ల ముక్కలు చేస్తే 600 చదరపు మీటర్లు, అంటే దాదాపు 15 సెంట్లు. గుంటూరులో 15 సెంట్లంటే మాటలా!

పరిమాణం తగ్గితే గుణమే మారుతుందని చూపింది బంగారం. తరాలు మారినా గొలుసు చెక్కుచెదరదనే కదా కొనుక్కునేది. 1987లో జపాన్‌లో హరుటా అదే బంగారాన్ని నానో రేణువులుగా ఆక్సైడ్ల మీద నిలిపితే, సున్నా డిగ్రీలకి చాలా దిగువన కూడా కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సీకరించింది.

పల్లాడియం కథ ఇంత తేలిగ్గా తెమలలేదు. 1996లో రీట్జ్ బృందం ముందే తయారుచేసిన పల్లాడియం రేణువులతో సుజుకి చర్యనీ, అలాగే కర్బన ముక్కలను అతికించే హెక్ చర్యనీ చేసి చూపింది. 2003లో డి వ్రీస్ బృందం హెక్ చర్యలో లోహం అతి తక్కువ వేస్తేనే మేలని తేల్చి, దాన్ని ‘హోమియోపతి పల్లాడియం’ అని పిలిచింది. ఎక్కువైతే లోహపు పరమాణువులు గుంపు కట్టి నల్లటి మడ్డిగా అడుగున చేరతాయి. కరిగి తిరిగే పరమాణువులే పని చేస్తున్నాయని, రేణువు వాటి గిడ్డంగి మాత్రమేనని అనుమానం బలపడింది.

మందుల కంపెనీలకి ఇది ఉత్త చర్చ కాదు. నోటి ద్వారా తీసుకునే మందులో పల్లాడియం రోజుకి 100 మైక్రోగ్రాములు మించకూడదు. కరిగిన లోహాన్ని వడపోతతో తీసెయ్యలేం.

అందుకే వేడిగా ఉండగానే వడగట్టి, ఆ తేటలో చర్య ఇంకా సాగుతోందా అని చూస్తారు; సాగితే పని కరిగిన లోహానిదని అనుమానం. రేణువుల్ని పట్టేసే పాదరసం చుక్క వేసి చర్య ఆగిందేమో చూస్తారు; ఆగితే పని రేణువులదని అనుమానం. ఏ ఒక్కటీ తిరుగులేని రుజువు కాదు. మన పిల్లలు మాత్రం ‘ఐదుసార్లు వాడాం, దిగుబడి 95 శాతానికి తగ్గలేదు’ అని రాసేసి ఊరుకుంటారు. ఆ 95 శాతం ఎక్కడిది? ఐదుసార్లూ చర్య పూర్తయ్యేదాకా ఆగి చూసింది. పది నిమిషాల దగ్గర ఆపి కొలిస్తే సగం లోహం ఏనాడో జారిపోయిన సంగతి బయటపడొచ్చు.