ఉచిత టెక్ సదస్సు: హాలు ఎవరిది, సంతకం ఎవరిది?

టికెట్ లేని టెక్ సదస్సు పెట్టాలంటే స్పాన్సర్లను పట్టుకోవడమే పెద్ద పని అనుకుంటారు చాలామంది. పాతికేళ్ల అనుభవం చూస్తే అంతకన్నా మొండి సమస్యలు రెండున్నాయి. ఒకటి హాలు. రెండోది, ఆ హాలు ఒప్పందం మీద సంతకం పెట్టే మనిషి.

1999లో, ఉచితంగా దొరికే కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌ను వాడే ఆస్ట్రేలియా వాళ్ల తొలి సదస్సు మెల్‌బోర్న్‌లో జరిగింది. దాన్ని తలపెట్టిన రస్టీ రస్సెల్ ఖర్చులను సొంత క్రెడిట్ కార్డు మీద వేసుకున్నాడు. టికెట్లు అమ్మే సదస్సుకే ఇంత టెన్షన్ ఉంటే, అమ్మడానికి టికెట్టే లేనప్పుడు డబ్బు వెనక్కి వచ్చే దారేది?

ఆ దారి అవసరమే లేకుండా చేసుకున్నది ఫాస్‌డెమ్ అనే యూరప్ ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ డెవలపర్ల సదస్సు. 2000లో రఫాయెల్ బొదువాన్ ఆరంభించిన ఈ ప్రయత్నం ఏటా ఫిబ్రవరి ప్రాంతంలో ఒక శని, ఆదివారాలు బ్రసెల్స్‌లోని యూఎల్‌బీ విశ్వవిద్యాలయంలో సాగుతుంది. ప్రవేశం ఉచితం, పేరు నమోదు కూడా అక్కర్లేదు. స్పాన్సర్లు, విరాళాలు, విరాళమిచ్చినవాళ్లకు టీషర్టులు ఉన్నాయి నిజమే. కానీ వేలమంది పట్టే వాణిజ్య సమావేశ కేంద్రానికి అద్దె కట్టాల్సి వస్తే అవి ఏ మూలకు? నా లెక్కలో ఫాస్‌డెమ్‌ను ఇన్నేళ్లు ఉచితంగా నిలబెట్టింది ఆ విశ్వవిద్యాలయ తరగతి గదులే.

పేరు నమోదు లేకపోవడానికీ ఒక మూల్యం ఉంది. ఎంతమంది వస్తారో ముందుగా ఎవరికీ తెలియదు. కాస్త పేరున్న అంశమైతే ప్రసంగం మొదలవకముందే గది నిండిపోతుంది. తలుపు మీద 'ఫుల్' అని కాగితం, పక్కన ఒక వాలంటీరు, ఎదురుగా కారిడార్ పొడవునా క్యూ. ఎంతో దూరం నుంచి వచ్చినవాళ్లను కూడా లోపలికి వదలడానికి లేదు, అగ్నిప్రమాద నిబంధనలు ఒప్పుకోవు. తిట్లన్నీ ఆ వాలంటీరుకే.

పేరు నమోదు పెట్టినవాళ్ల బాధ ఇంకో రకం. డబ్బు కట్టలేదు కాబట్టి రాకపోయినా పోయేదేం లేదు. మూడో వంతు మంది, ఒక్కోసారి సగం మంది రారన్నది నిర్వాహకుల్లో తరచూ వినిపించే మాట. భోజనాల లెక్క మాత్రం ముందే చెప్పాలి. తీరా ఆ రోజు సాయంత్రానికి పేర్లు అచ్చేసిన బ్యాడ్జీలు బల్ల మీద కట్టలుగా మిగులుతాయి. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష వాడేవాళ్ల అమెరికా సదస్సు పైకాన్ యూఎస్ దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది: వక్తలతో, నిర్వాహకులతో సహా అందరూ టికెట్ కొనాల్సిందే, స్తోమత లేనివాళ్లకు ఆర్థిక సాయం.

2005 ఆగస్టులో అమెరికాలోని పాలో ఆల్టోలో మొదటి బార్‌క్యాంప్ జరిగింది; వచ్చినవాళ్లే ప్రసంగాలు నిర్ణయించుకునే బహిరంగ టెక్ సమావేశం ఇది. ఆహ్వానం ఉన్నవాళ్లకే ప్రవేశమిచ్చే ఫూ క్యాంప్ అనే టెక్ సమావేశానికి పోటీగా, వారం తిరక్కుండానే ఏర్పాట్లు చేసేశారు. అంత త్వరగా కుదిరిందంటే ఒక కంపెనీ తన ఆఫీసు ఇచ్చింది కాబట్టే. ఆ తర్వాత ఊరూరా చిన్న సమావేశాలు ఇదే పద్ధతిలో కంపెనీ ఆఫీసుల్లో బతికాయి. 2020లో కోవిడ్‌తో ఆ ఆఫీసులకు తాళాలు పడ్డాయి. డబ్బున్నవాళ్లకూ తప్పలేదు: ఫూ క్యాంప్ నడిపిన టెక్ పుస్తకాల ప్రచురణ సంస్థ ఓ'రైలీయే ఆ మార్చిలో తన ప్రత్యక్ష సదస్సుల విభాగాన్ని శాశ్వతంగా మూసేసింది. ఫాస్‌డెమ్ 2021, 2022ల్లో ఆన్‌లైన్‌కు మళ్లింది. హాలు గొడవ తీరింది గానీ, ముందే రికార్డు చేసిన వందలాది ప్రసంగాలను సరిచూసి ప్రసారం చేసే చాకిరీ వాలంటీర్ల నెత్తిన పడింది.

ఇక సంతకం సంగతి. హాలు ఇచ్చేవాళ్లు బీమా పత్రం అడుగుతారు. బీమా కంపెనీ రిజిస్టరైన సంస్థ పేరు అడుగుతుంది. స్పాన్సరు ఆ సంస్థ పేరుమీదే బ్యాంకు ఖాతా అడుగుతాడు. నలుగురైదుగురు స్నేహితుల బృందానికి ఇవేవీ ఉండవు కనుక, వాళ్ల తరఫున డబ్బు తీసుకుని లెక్క చూపే సంస్థల నీడకు చేరతారు. అమెరికాలో అలాంటిదే ఓపెన్ కలెక్టివ్ ఫౌండేషన్. అది 2024 చివర్లో మూతపడింది. దాని కింద ఉన్న బృందాలన్నీ మళ్లీ కొత్త ఖాతా వెతుక్కోవాల్సి వచ్చింది.