మెత్తగా ఉంటే చాలదు: బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత తిండిపై అపోహలు - వాస్తవాలు

"మేడం, డాక్టర్ చెప్పినట్టే మెత్తగ పెడుతున్నం, అయినా మనిషి లేస్తలేడు."

మహబూబ్‌నగర్‌లో డైటీషియన్‌గా పనిచేస్తున్న నాకు ఈ మాట వినబడని వారం ఉండదు. హైదరాబాద్ పోయి బరువు తగ్గడానికి పొట్ట చిన్నది చేసే ఆపరేషన్, స్లీవో బైపాసో (గుండెది కాదు, పొట్టది) చేయించుకుంటారు, రెండు మూడు రోజుల్లో డిశ్చార్జ్ అయి అచ్చంపేటకో కొల్లాపూర్‌కో దేవరకొండకో ఇంటికి చేరుకుంటారు. నెల తిరిగేసరికి కళ్లు తిరుగుతున్నాయని, కాళ్లు గుంజుతున్నాయని ఇక్కడికి వస్తారు. ఏం తింటున్నారు అంటే జావ. ఇంకా ఏం తింటున్నారు అంటే గంజి. మధ్యాహ్నం? మెత్తన్నం, చారు. అందుకే ఇవాళ కూర్చుని రాస్తున్నాను. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ గురించి వివరంగా చెప్తాను, మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: మెత్తగా ఉండి, సులువుగా గొంతు దిగిందంటే అది ఆపరేషన్ అయినవాళ్లు తినదగ్గదే.

వాస్తవం: మెత్తదనం కుట్లు మానడం కోసం. బలం వేరే సంగతి. స్లీవ్‌లో పొట్టను ముప్పావు వంతుకు పైగా తీసేస్తారు, మిగిలేది అరటిపండంత సన్నటి గొట్టం. బైపాస్‌లో తిండి చేరే సంచి మొదట్లో 30 మిల్లీలీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. కత్తిరించి స్టేపుల్స్ వేసిన చోట ఒత్తిడి పడకూడదు కాబట్టి ముందు పల్చటి ద్రవాలు, తర్వాత చిక్కటి ద్రవాలు, సుమారు రెండు వారాలకు మిక్సీ పట్టినవి, నెల దగ్గర మెత్తటివి, 6 నుంచి 8 వారాలకు మామూలు తిండి, ఇలా మెట్టు మెట్టుగా వెళ్తాం. సర్జన్‌ను బట్టి ఈ వారాలు కొంచెం మారతాయి, మీ సర్జన్ ఇచ్చిన కాగితమే మీకు లెక్క. కానీ ఏ సర్జన్ దగ్గరికి వెళ్లినా మారనిది ఒకటుంది: రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ పడాలి. కొందరికి 80 దాకా కావాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ఈ లెక్క వేరు, వాళ్లు డాక్టర్‌ను అడిగే ముందుకెళ్లాలి.

ఇప్పుడు జావ లెక్క చూద్దాం. గ్లాసు జావలో పడే రాగిపిండి రెండు చెంచాలు, అందులో ప్రొటీన్ గ్రామున్నర. మెత్తన్నం నాలుగు చెంచాలు చారుతో తింటే రెండు గ్రాములు. సగ్గుబియ్యం జావలో దాదాపు ఏమీ లేదు. ఒక ఇడ్లీకి రెండు గ్రాములు. కొబ్బరినీళ్లలో లేదు. చాయ్‌లో పడ్డ పాలకు గ్రామో గ్రామున్నరో వేసుకోండి. రోజంతా కలిపినా పది గ్రాములు దాటదు. 60 కావాల్సిన చోట 10!

కల్వకుర్తి వైపు నుంచి ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకొని వచ్చింది. సంచిలోంచి స్టీలు డబ్బా తీసి నా బల్ల మీదే మూత తెరిచింది. రాగి జావ, పైన పల్చగా పొర కట్టి ఉంది, ఇంకా గోరువెచ్చగానే ఉంది. "పొద్దుగాల ఇదే, మాపటికీ ఇదే పోస్తున్న బిడ్డా, కడుపుల సల్లగుంటది" అంది. ఆ అబ్బాయి బరువైతే బాగానే తగ్గాడు, అందరూ సంతోషంగా ఉన్నారు. తీరా లేవమన్నప్పుడు బల్ల అంచు పట్టుకొని గానీ కుర్చీలోంచి లేవలేకపోయాడు. తగ్గిందంతా కొవ్వు కాదు. ప్రొటీన్ అందకపోతే ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది, బరువు తూచే మిషన్ ఆ తేడా చూపించదు. ఇంట్లోవాళ్లు కేజీలు చూసి మురిసిపోతారు, లోపల జరుగుతున్నది ఎవరికీ తెలియదు.

ఆ తల్లి తప్పు ఇందులో ఏమీ లేదు. జ్వరం వచ్చినా బాలింతైనా మన ఇళ్లలో పెట్టేది అదే, బిడ్డకు ప్రేమతో అదే పెట్టింది. ఆమె చేతిలో ఉన్న డైట్ కాగితం నేను చూశాను. అందులో టూనా, హమ్మస్, గ్రీక్ యోగర్ట్, బ్రొకోలీ సూప్ అని రాసి ఉంది. కల్వకుర్తి అంగట్లో ఇవి ఎక్కడ దొరుకుతాయి? దొరకనివి రాసి పంపితే ఎవరైనా తమకు తెలిసిన దాని దగ్గరికే పోతారు కదా.

మరి ఏం పెట్టాలి అంటే, మన ఊళ్లో దొరికేవే చెప్తాను. గుడ్డు ఒకదానికి 6 గ్రాములు. పచ్చసొన పొడిపొడిగా అయ్యేలా ఉడకబెట్టింది మొదట్లో గొంతులో పట్టుకుంటుంది, అదే గుడ్డు కొద్దిగా పాలు కలిపి సన్నమంట మీద మెత్తటి పొరటులా చేస్తే హాయిగా దిగుతుంది. పెసరపప్పు కట్టు మొదటి రెండు వారాలకు సరే, తర్వాత కట్టు ఒక్కటే పోయకండి, పప్పంతా మిక్సీ పట్టి చిక్కగా పెట్టండి, చిన్న కప్పుకు 6 గ్రాముల దాకా వస్తుంది. పెరుగును పల్చటి గుడ్డలో కట్టి రెండు గంటలు వేలాడదీస్తే నీళ్లు కారిపోయి చిక్కటి పెరుగు మిగులుతుంది, కాగితం మీద రాసిన గ్రీక్ యోగర్ట్‌కు బదులు ఇది బేషుగ్గా సరిపోతుంది. పన్నీర్ వంద గ్రాములకు 18, చేత్తో పొడిలా నలిపి పప్పులో కలపండి. మెత్తటి దశకు వచ్చాక చేప అన్నిటికంటే మేలు: కొర్రమట్ట అయితే ముళ్లు తక్కువ, ఆవిరి మీద ఉడికించి, ముళ్లు ఏరి, చింతపులుసు లేకుండా కొంచెం పెరుగులో నలిపి పెట్టండి, 50 గ్రాముల ముక్కకు 10 వస్తుంది. చికెన్ ముక్కలుగా వద్దు, కీమా చేసి తడి తడిగా వండండి. నీసు తినని ఇళ్లలో మీల్‌మేకర్ వాడొచ్చు, 30 గ్రాములు నానబెట్టి, పిండి, మిక్సీ పడితే 15 గ్రాములు. పాలు పడినవాళ్లకు పాలు. ఆపరేషన్ తర్వాత కొందరికి పాలు తాగితే కడుపు ఉబ్బుతుంది, వాళ్లు సోయా పాలకు మారొచ్చు.

ఇవన్నీ పెట్టినా మొదటి నెలల్లో కప్పు పట్టే కడుపుకు 60 చేరడం కష్టమే, అందుకే ప్రొటీన్ పౌడర్ రాస్తాం. "అది జిమ్ పోరగాళ్లు తాగేది, కిడ్నీలు పాడైతయట" అని డబ్బా మూత కూడా తీయని ఇళ్లున్నాయి. కిడ్నీలు బాగున్న మనిషికి మేం చెప్పిన మోతాదులో భయమేమీ లేదు. రెండు గుడ్లు, ఒక స్కూపు పౌడర్ కలిపిన పాలు, కొంచెం చేప, కొంచెం పన్నీర్, చిన్న కప్పు పప్పు, చిక్కటి పెరుగు, ఇలా రోజంతా ఐదారు సార్లుగా పంచితే 60 దగ్గరికి చేరుతుంది. జావ మానేయమనడం లేదు, రాగిలో కాల్షియం మంచిగానే ఉంటుంది. ప్రొటీన్ పడ్డాక, చోటు మిగిలితే, పాలో పౌడరో కలిపి తాగించండి.

అపోహ: ఇంకాస్త మెత్తగా వండితే అన్నం సులువుగా పడుతుంది.

వాస్తవం: మెత్తన్నం ఉండ కడుతుంది. సన్నటి గొట్టంలో ఆ ఉండ ఇరుక్కుంటే ఛాతీ మధ్యలో పట్టేసినట్టు నొప్పి, నోట్లో నురగ, చివరికి వాంతి. వాంతి భయంతో మళ్లీ జావ. ఈ చక్రంలో పడితే బయటికి రావడం కష్టం. ముద్ద కలిపి పెట్టే అలవాటు కొన్నాళ్లు పక్కన పెట్టి చిన్నపిల్లల చెంచాతో తినమనండి, ఒక్కో చెంచా నోట్లోనే నీరయ్యేదాకా నమలాలి, కప్పు తిండికి 20 నుంచి 30 నిమిషాలు పట్టాలి. "ఇంకొక్క ముద్ద తిను నాయనా" అనే మాట ఆ ఇంట్లో కొన్ని నెలలు వినబడొద్దు. కడుపు నిండిందని ఆ మనిషి అన్నాక ఒక్క చెంచా ఎక్కువైనా బయటికే వస్తుంది.

అపోహ: నీరసంగా ఉంటే ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తే సరి.

దయచేసి దీన్ని రెండుసార్లు చదవండి. థయమిన్, అంటే బి1 విటమిన్, మన ఒంట్లో రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే నిల్వ ఉంటుంది. వారాల తరబడి జావ తాగి, పైగా వాంతులు అవుతున్న మనిషిలో అది అడుగంటిపోతుంది. ఆ స్థితిలో బి1 ఇవ్వకుండా ఒట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్త బి1 కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. చూపు రెండుగా కనిపించడం, నడకలో తూలడం, అరికాళ్లలో తిమ్మిర్లు, మాట తికమకపడటం, ఇవి కనిపిస్తే దాన్ని నీరసం అనుకోవద్దు, గాలి సోకిందని తాయెత్తు కట్టించుకొని రావద్దు. గంటలు లెక్కపెట్టాల్సిన పరిస్థితి అది. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికే వెళ్లాల్సి వచ్చినా సరే, "మాకు బరువు తగ్గే ఆపరేషన్ అయింది, వాంతులు అవుతున్నాయి, ముందు బి1 ఇంజెక్షన్ కావాలి" అని నోరు తెరిచి చెప్పండి, చెప్పి వెంటనే పెద్దాసుపత్రికి బయల్దేరండి.

అపోహ: నోట్లో కరిగిపోయే తీపి అయితే పరవాలేదు.

మా చిన్నమ్మది నల్గొండ. బైపాస్ అయిన ఏడాది సద్దుల బతుకమ్మ రోజు చెరువు దగ్గర మలీద పంచుతుంటే ఒక ముద్ద తినింది. రొట్టె, బెల్లం, నెయ్యి, మెత్తగానే ఉంటుంది కదా. కాసేపటికే చెమటలు పట్టాయి, గుండె దడదడ, కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, అక్కడే గట్టు మీద పడుకుంది. ఒకరు దిష్టి అన్నారు, ఒకరు గుండెపోటు అని 108కి ఫోన్ చేశారు. అది డంపింగ్. బెల్లం, చక్కెర ఒక్కసారిగా పేగులోకి దూకితే పది నిమిషాల నుంచి అరగంటలోపు ఇలా అవుతుంది. కొందరికి గంట నుంచి మూడు గంటల తర్వాత షుగర్ పడిపోయి వణుకు వస్తుంది. పండ్లరసాలు, కూల్‌డ్రింకులు, చాయ్‌లో ముంచిన బిస్కెట్లు, ఐస్‌క్రీమ్ అన్నీ ఈ బాపతే. స్లీవ్ అయినవాళ్లలో డంపింగ్ తక్కువ కాబట్టి అవి నిమ్మళంగా జారిపోతాయి, పోయిన బరువు మళ్లీ రావడం చాలామందిలో అక్కడే మొదలవుతుంది.

ఇక మిగతావి.

పాయ సూప్ తాగితే బలం వస్తుందంటారు. అందులో వచ్చేది ఎక్కువగా కొల్లాజెన్ అనే ఒక రకం ప్రొటీన్, ఒంటికి అవసరమైన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం దానిలో లేదు, కాబట్టి దాన్ని మీ 60 గ్రాముల్లో కలపొద్దు. నెయ్యి, మసాలా లేకుండా అయితే తాగండి, తప్పేం లేదు.

తింటూ నీళ్లు తాగితే సులువుగా దిగుతుందంటారు. వద్దు. తిన్నాక అరగంట ఆగండి, మిగతా సమయమంతా గుక్క గుక్కగా రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు.

విటమిన్ మాత్రలు ఆర్నెల్లు వేసుకుంటే చాలు అనేది పచ్చి అబద్ధం. ఎవరు ఏ వీడియోలో చెప్పినా నమ్మకండి, మల్టీవిటమిన్, బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం. కాల్షియం సిట్రేట్ రకం అడగండి, ఐరన్‌కూ దానికీ రెండు గంటల ఎడం ఉండాలి, ఐరన్ మాత్ర చాయ్‌తో మింగొద్దు. ఫ్లోరైడ్ నీళ్లతో వంగిపోయిన మనుషులను చూస్తూ పెరిగిన మన ప్రాంతంలో ఎముకల భయం ఎక్కువ, కాల్షియం వేసుకుంటే ఎముకలు ఇంకా బిగుసుకుపోతాయేమో అని అడుగుతారు. అలా కాదు. ఆపరేషన్ తర్వాత కాల్షియం మానేస్తేనే ఎముక గుల్లవుతుంది.

మూడో నెల నుంచి జుట్టు రాలడం చూసి ఆడపిల్లలు ఏడుస్తారు, వాళ్ల బాధ నాకు తెలుసు. చాలావరకు ఇది బరువు వేగంగా తగ్గినందువల్ల వచ్చేది, ప్రొటీన్, ఐరన్ సరిగ్గా అందితే కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. నూనెలు మార్చి డబ్బులు పోగొట్టుకోకండి.

కల్లు ఔషధంలాంటిదే కదా అంటారు. పొంగేది ఏదీ ఈ కడుపుకు పడదు, పైగా మత్తు ముందుకంటే తొందరగా, ఎక్కువగా ఎక్కుతుంది.

ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో పెయిన్‌కిల్లర్ కొనుక్కొని వేసుకోకండి, ముఖ్యంగా బైపాస్ అయినవాళ్లు. సంచిని పేగుకు కలిపిన అతుకు దగ్గర పుండు పడుతుంది.

జ్వరం, కూర్చున్నా నిమిషానికి 120 కొట్టే నాడి, కడుపులో లేదా ఎడమ భుజంలో కొత్తగా నొప్పి, నల్లటి మలం, మంచినీళ్లు కూడా నిలవని వాంతులు, వీటిలో ఏది కనిపించినా తిండి మార్చి చూద్దాం అనుకోకుండా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేసి బండెక్కండి, రాత్రయినా సరే.

చివరగా, అందరూ మొహమాటంగా అడిగే ప్రశ్న: జొన్న రొట్టె ఎప్పుడు తినొచ్చు? రెండు మూడు నెలలయ్యాక, మీ సర్జన్ సరే అన్నాక. మెత్తటి చపాతీ, బ్రెడ్ నమిలితే పిండిముద్దలా సాగి ఇరుక్కుంటాయి, ఎర్రగా కాల్చిన పల్చటి రొట్టె బాగా నమిలితే పొడిలా నలిగి దిగుతుంది. ముందు పప్పో గుడ్డో తినండి, తర్వాత అరచేతిలో పావు వంతు ముక్క, అంతే. దిగితే వారం తర్వాత ఇంకొంచెం, దిగకపోతే నెల ఆగి మళ్లీ చూడండి.